మార్పేం లేదు

మెదడు ఫోటోలో మచ్చ చుట్టూ గీత గీయడం నా పని. వినడానికి చిన్నపిల్లల డ్రాయింగు క్లాసులా ఉంటుంది. కానీ ఒక్కో మనిషికి ముప్పై దాకా ఫోటోలుంటాయి. ఒక్కో ఫోటోలో తెల్లగా కనిపించే మేరంతా మౌసు పట్టుకుని చుట్టి రావాలి. చెయ్యి ఒణికినా తప్పే, తొందరపడినా తప్పే. చుట్టిన మేరలన్నీ కలిపి మచ్చ ఇన్ని మిల్లీలీటర్లుందని కంప్యూటరు చెబుతుంది. ఈ పనిలో నేను మహా మొండిదాన్నని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. ఇంకొకరు గీసిన గీత నాకు నచ్చదు. నా గీతకు ఎవరైనా వంక పెడితే ఊరుకోను.

నా పేరు అబిగయీలు, సొంతూరు కావలి. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా ఎంఆర్‌ఐ టెక్నీషియన్‌ని. గీతలు గీసే పని మాత్రం ఏడాదిగానే చేస్తున్నాను. మా మెదడు డాక్టరు సుశీల్ కుమార్ గారు ఒక పరిశోధన మొదలుపెట్టి నన్ను అందులోకి లాగారు. పక్షవాతం వచ్చిన మనిషికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చేముందు ఒక స్కానింగు, మర్నాడు ఒకటి, ఐదో రోజు ఒకటి తియ్యాలి. రక్తం అందక చచ్చిపోయిన మేర తెల్లటి మచ్చగా కనిపిస్తుంది. మందు పనిచేస్తే మచ్చ అక్కడికి ఆగుతుంది. పనిచెయ్యకపోతే పక్కకు పాకుతుంది. ఎంత పాకిందో కొలిచి పట్టికలో ఎక్కించాలి.

ఆ పట్టికలో చివరి గడికి 'చేంజ్' అని పేరు. చచ్చిన మేర మళ్ళీ బతికి రాదు కాబట్టి ఆ గడిలో సున్నాకు మించిన మంచి అంకె ఉండదు. ఏడాదిలో ఇరవై ఆరు మందిని కొలిస్తే సున్నా దరిదాపుల్లో ఉన్నవి రెండో మూడో. తక్కినవన్నీ పాకినవే. పదకొండు ఉన్నది ఇరవై తొమ్మిదైంది. నలభై ఉన్నది నూటపదయింది. ఆ నూటపది మిల్లీలీటర్ల మనిషి ఇంకో రెండు రోజులకు పోయాడు. అలాంటివి కొలిచిన రోజు ఇంటికి వెళ్ళి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు నాకు.

రోగి తరఫువాళ్ళకు టెక్నీషియన్లు ఏమీ చెప్పకూడదని మాకొక నియమం ఉంది. స్కానింగు గది తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించారు కూడా. తొమ్మిదేళ్ళలో ఆ నియమం నేను తప్పలేదు. అది నా మంచితనమేమీ కాదు. ఒకసారి నోరు విప్పితే వాళ్ళిక వదిలిపెట్టరు, అందుకు.

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున జ్ఞానప్రకాశాన్ని తీసుకొచ్చారు. మైపాడు ఒడ్డున చేపల వేలం పాడే మనిషి. యాభై మూడేళ్ళుంటాయి. పడవలు ఒడ్డుకు చేరగానే తట్టల మధ్య ఇసుకలో నిలబడి, ధర పలికి, పెంచి, మూడుసార్లు అరిచి పాట కొట్టేసేది ఆయనే. సముద్రం హోరు మీద నలభై మందికి వినపడాలి ఆ గొంతు. ఆ పొద్దున ఏడున్నరకు పాట మధ్యలో నాలుక మడతపడి, కుడిచెయ్యి వేలాడిపోయి, అక్కడే కూలబడ్డాడట. ఆయన భార్య మగ్దలీనమ్మ ఆ పక్కనే చేపలు ఎండబెడుతోంది. ఎవరి కోసమూ చూడకుండా ఆటోలో వేసుకుని తొమ్మిది లోపల మా గుమ్మంలో దించింది. ఇది మామూలు విషయం కాదు, ఆ ఇంజెక్షను రోగం మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. చాలామంది ఊళ్ళోని ఆరెంపీ దగ్గర సెలైను ఎక్కించుకుని, పొద్దు గూకాక తీరిగ్గా వస్తారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టేముందు మెడలోని సిలువ గొలుసు తియ్యమన్నాను. మగ్దలీనమ్మ తీసి గుప్పెట్లో పెట్టుకుంది. మనిషి పొట్టి, చేతులు ఉప్పుకు బిరుసెక్కి ఉన్నాయి.

"చెయ్యి పోతే పోనీమ్మా," అంది నాతో. "ఆయనకి మాట ఒకటి నిలిస్తే చాలు. గొంతు మీద బతికే మనిషి."

నేను తలుపు మీది కాగితం వైపు చూపించి ఆమెను బయట కూర్చోమన్నాను.

మచ్చ మాట పుట్టే చోటికి ఆనుకుని ఉంది. ఇరవై ఒక్క మిల్లీలీటర్లు. ఒక్క వేలెడు పాకిందంటే ఆ మనిషికి ఇక మాట ఉండదు. నేను ఆ గీత గీస్తుండగానే పైన ఆయనకు ఇంజెక్షను మొదలుపెట్టారు.

మర్నాడు మళ్ళీ తీశాం. ఆ ఫోటోలు తెరవడానికి జంకాను. ఎన్నడూ లేనిది ఆ రోజు ఎందుకంత భయపడ్డానో చెప్పలేను. బహుశా ఆమె గుప్పెట్లోని గొలుసు కారణం కావచ్చు. వాపు ఉన్న మేరను మచ్చలో కలిపేసుకోకుండా, అంచు పట్టుకుని, నిదానంగా చుట్టాను. ఇరవై ఒకటి పాయింట్ ఆరు. నమ్మకం కుదరక చెరిపేసి మళ్ళీ గీశాను. ఇరవై ఒకటి పాయింట్ నాలుగు. మూడోసారీ అంతే వచ్చింది. మచ్చ ఉన్నచోటే ఆగిపోయింది. మాట పుట్టే చోటు అలాగే నిలిచి ఉంది. పట్టికలో ఇరవై ఏడో వరసలో చివరి గడి నింపుతుంటే, పరీక్ష పాసైన పిల్లలాగా కుర్చీలోనే ఒక చుట్టు తిరిగాను.

టీ తాగుదామని బయటికి వచ్చాను. మగ్దలీనమ్మ అదే బెంచీ మీద ఉంది.

"ఎట్టుందమ్మా?" అని లేచింది.

తొమ్మిదేళ్ళ నియమం ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు. మొహమంతా నవ్వుతో ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మార్పేం లేదమ్మా," అన్నాను.

ఆమె నా మొహం వంకే చూసింది. "నిజంగానా?"

"మూడుసార్లు చూశాను. ఏమాత్రం మార్పు లేదు."

ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. సంతోషానికి మాట రావడం లేదనుకున్నాను. భుజం తట్టి, వెళ్ళి టీ తాగాను. ఆ రోజంతా నాకు మనసు తేలిగ్గా ఉంది. చెప్పకూడని మాట చెప్పినందుకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

శనివారం ఐదో రోజు స్కానింగు. పదింటికి రావలసిన మనిషి పదకొండైనా రాలేదు. నేనే పైకి వార్డుకు వెళ్ళాను. జ్ఞానప్రకాశం మంచం మీద ఇంకెవరో ముసలాయన కూర్చుని ఇడ్లీ తింటున్నాడు.

"ఆయన్ను గురువారమే తీసుకుపోయారుగా," అంది లిల్లీ. ఆ వార్డు హెడ్ నర్సు ఆవిడ. "వద్దని నేనూ డ్యూటీ డాక్టరూ ఎంత మొత్తుకున్నా వింటేనా. సొంత పూచీ మీద తీసుకుపోతున్నామని సంతకం పెట్టేసి పోయారు. మాత్రలు కూడా కొనలేదు."

సుశీల్ కుమార్ గారికి చెబితే నెత్తి కొట్టుకున్నారు. "ఉన్నవాటిలో నా మంచి కేసు అదే," అన్నారు. తర్వాత ఆయనే, "రక్తం గడ్డకట్టకుండా వేసే మాత్రలు ఆపితే మళ్ళీ వస్తుంది. ఎలాగైనా పిలిపించండి," అన్నారు.

కేసు కాగితాల్లో ఉన్న నంబరు జ్ఞానప్రకాశం అన్న రూఫస్‌ది. ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు కానీ ఎక్కువసేపు మాట్లాడలేదు.

"మీ కాడ మార్పు లేదని చెప్పినారు గదమ్మా. ఇంకేం చూసుకోని ఉండమంటారు?" అని పెట్టేశాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. నేను మూడుసార్లు కొలిచి, మచ్చ ఆగిపోయిందని చెబితే, ఏ బుద్ధిలేని మనిషో వార్డులో వీళ్ళకు రోగం నయం కావడం లేదని చెప్పి బెదరగొట్టాడన్నమాట. తిన్నగా వెళ్ళి లిల్లీ మీద పడ్డాను. "మీ వార్డులో ఎవరి నోరూ ఊరుకోదు, ఎవరు చెప్పారో పిలవండి," అన్నాను. ఆవిడ వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద. దేవుని తోడు, తన మనుషులెవరూ చెప్పలేదంది. ఫోటోలు తీసేవాళ్ళు వచ్చి నర్సుల మీద పెత్తనం చెయ్యడం ఎక్కడా చూడలేదని కూడా అంది. నలుగురి ముందూ ఇద్దరం మాటా మాటా అనుకున్నాం.

మర్నాడు ఆదివారం. ఆరాధన మానేసి మైపాడు బస్సెక్కాను. చేతిలో ఐదో రోజు స్కానింగుకు సంతకం పెట్టించుకునే ఫారం ఉంది. మాత్రలు కొని పట్టుకెళ్ళాలని తట్టలేదు. అది ఇప్పటికీ నన్ను తినేస్తుంది. ఫారం గుర్తుంది కానీ మాత్రలు గుర్తులేవు.

వాళ్ళిల్లు ఒడ్డుకు రెండు వీధుల ఇవతల. ముందు పంచలో నులకమంచం మీద జ్ఞానప్రకాశం దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. గుండు గీయించి, నెత్తిమీద ఆకుపసరు మందంగా పట్టించారు. కుడిచేతికి పూసిన పావురం నెత్తురు ఎండి తుప్పు రంగులో ఉంది. నన్ను చూసి ఆయన గుర్తుపట్టాడు. ఎడమచేత్తో ముక్కాలిపీట చూపించి, పెదాలు కూడగట్టుకుని, "కూ... కూకో," అన్నాడు.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఐదురోజుల కింద ఆ నోటినుంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"నిన్నట్నించి రెండు మూడు మాటలొస్తుండాయి," అంది మగ్దలీనమ్మ లోపల్నుంచి వస్తూ. "నీళ్ళంటన్నాడు. నన్ను పేరు పెట్టి పిలిచినాడు. మందు పనిచేస్తా ఉంది."

ఆ మందు పడమట కొండల కింద ఏదో పల్లెలో ఒకాయన ఇచ్చిందట. ఐదు రోజులు తాగాలి. ఉప్పు లేని కూడు తినాలి. ఇంగ్లీషు మాత్ర ఒక్కటి నోట్లో పడినా వికటిస్తుందన్నాడట.

"ఆ మాట వచ్చింది పసరుతో కాదమ్మా," అన్నాను. నా గొంతు లేచింది. "ఇంజెక్షనుతో."

గడప పక్కన కూర్చున్న రూఫస్ తలెత్తాడు. ఆయన పెద్దమనిషి, తెల్ల చొక్కా వేసుకుని ఆరాధనకు వెళ్ళొచ్చినట్టున్నాడు. "ఇంజక్షన్‌తో మార్పు లేదని మీరే గదమ్మా చెప్పింది," అన్నాడు.

"ఎవరు చెప్పారు? పేరు చెప్పండి. వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

రూఫస్ మరదలి వైపు చూశాడు. మగ్దలీనమ్మ నా ఎదురుగా గచ్చు మీద కూర్చుంది.

"నువ్వే గదమ్మా," అంది.

"నేనా?"

"బుధవారం పొద్దన. నా చెయ్యి పట్టుకోని చెప్పినావు. నిజంగానా అంటే మూడుసార్లు చూసినానన్నావు. నవ్వతా చెప్పినావు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "మనిషి మంచాన పడుంటే, ఏం మార్పు లేదని నవ్వతా చెప్పి పొయ్యిందే, ఇదేం ఆసుపత్రి, వీళ్ళేం మనుషులని ఆ రేయంతా నాకు నిద్ర పట్టలా. మేం ఈడుంటే నా మొగుడు బతకడని మా బావకి నేనే ఫోన్ చేసినా."

అప్పటిదాకా నా తలలో ఆ మాటకు ఒక్కటే అర్థం. పట్టికలో చివరి గడి. చేంజ్ సున్నా. నేను దాన్నే తెలుగు చేసి ఆమె చేతిలో పెట్టాను. అదే మాట బయట అందరూ ఏ అర్థంలో వాడతారో నాకు తెలియనిది కాదు. మా అమ్మమ్మ ఆసుపత్రిలో ఉన్న ఆఖరి వారంలో రోజూ డాక్టరు వచ్చి మార్పేం లేదనేవాడు. రోజూ మా అమ్మ నడవాలోకి పోయి ఏడ్చేది. ఆ పక్కనే నేనూ ఏడ్చాను. ఏ తెలుగింట్లోనైనా రోగి దగ్గర మార్పు లేదంటే మందు పనిచెయ్యడం లేదనే. తొమ్మిదేళ్ళు ఆ గదిలో కూర్చుని నేను ఆ సంగతే మరిచిపోయాను.

అంతసేపూ జ్ఞానప్రకాశం నా మొహం చూస్తూ ఉన్నాడు. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు.

"అమ్మా, నేను చెప్పింది అది కాదు," అన్నాను. ఎలా చెప్పాలో తోచలేదు. వీధి చివర సముద్రం కనిపిస్తోంది. "తుపానొచ్చినప్పుడు సముద్రం ఒడ్డును కోసేస్తుంది కదా. మర్నాడు పొద్దున మీరెళ్ళి చూస్తారు. నిన్న ఎక్కడిదాకా కోసిందో అక్కడే ఆగిపోయింది, ఇంకొక్క అడుగు కూడా లోపలికి రాలేదు. అప్పుడేమంటారు?"

"దేవుడు కాపాడినాడంటాం."

"ఆయన తలలో రక్తం అందని చోటు కోసుకుపోయింది. ఇంజెక్షను ఇచ్చాక అక్కడే ఆగిపోయింది. ఒక్క అడుగు కూడా ముందుకు రాలేదు. ఆ మాటే నేను మార్పు లేదని చెప్పాను. అందుకే నవ్వాను."

మగ్దలీనమ్మ మొగుడి పసరు తల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"అట్ట చెప్పుండచ్చు గదమ్మా ఆ పొద్దు," అంది.

ఇన్నాళ్ళూ నేను మచ్చ అంచుల దగ్గర వెంట్రుకవాసి తేడా కోసం డాక్టర్లతో పోట్లాడాను. మాట దగ్గర మాత్రం అంత జాగ్రత్త పడలేదు.

ఆమె అప్పటికప్పుడు లేచి, ఆటో పిలుస్తానంది. రూఫస్ ఒప్పుకోలేదు. "మూడు రోజులే ఉండేది మందు. మధ్యలో ఆపితే వికటిస్తదని ఆయన గట్టిగా చెప్పినాడు. మాట గూడా వస్తా ఉంది గదా. మంగళారంతో అయిపోద్ది. బుధారం పొద్దన్నే నేనే తీసుకొస్తా," అన్నాడు. తమ్ముడి మీద ప్రేమతోనే అన్నాడు, ఆయన్ను తప్పు పట్టలేను. ఒకసారి నమ్మకం పోగొట్టుకున్న మేము ఇంకోసారి చెబితే ఆయన ఎందుకు నమ్మాలి?

"మాత్రలైనా ఇవాళ్టినుంచి వెయ్యండి," అని బతిమాలాను. ఫారం వెనక మాత్రల పేర్లు రాసిచ్చాను. రూఫస్ ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది మందులషాపు దాకా పోదని నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా బస్సెక్కాను.

సోమవారం ఫోన్ చేస్తే రూఫస్ ఎత్తలేదు. మంగళవారం ఎత్తి, "రేపొస్తుండాం గదమ్మా," అన్నాడు. నేను లిల్లీ దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పుకున్నాను. ఆవిడ తిడుతుందనుకుంటే, "అయ్యో," అని నా చెయ్యి నొక్కింది. అది తిట్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది.

బుధవారం ఏడింటికి లిల్లీ నుంచి ఫోను. "నీ మైపాడు ఆయన వచ్చాడు. తొందరగా రా," అంది. ఆ గొంతు వినగానే అర్థమైంది.

పొద్దున్నే ఆసుపత్రికి బయలుదేరదామని మగ్దలీనమ్మ లేపబోతే ఆయన లేవలేదట. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎటో చూస్తున్నాయి. నిద్రలో ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. ఎప్పుడు జరిగిందో తెలియని మనిషికి మొదటిసారి ఇచ్చిన ఇంజెక్షను ఇవ్వడానికి లేదు. ఈసారి స్కానింగు బల్ల మీద పడుకోబెట్టేటప్పుడు ఆయన మెడలో ఏమీ లేదు. తీయవలసినదేమైనా ఉందా అని అడగవలసిన అవసరం కూడా రాలేదు.

పాత మచ్చ పాతచోటే ఉంది. ఇరవై ఒకటే. దాన్ని ఆనుకుని పైన, మాట పుట్టే చోటంతా కప్పేసి, కొత్తది ఉంది. మూడు ఫోటోలు చుట్టేసరికి చూపు మసకబారింది. లేచి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కూర్చున్నాను. కొత్త మచ్చ యాభై రెండు మిల్లీలీటర్లు. నేను ఎప్పుడూ గీసినంత జాగ్రత్తగానే గీశాను. అంచుల్లో ఎక్కడా తప్పు లేదు.

సుశీల్ కుమార్ గారు నా వెనక నిలబడి చూశారు. "మాట మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు," అన్నారు మెల్లగా. "మాత్రలు వేసుకున్నా ఇది వచ్చి ఉండొచ్చు. కానీ వేసుకుని ఉంటే రాకపోవడానికే ఎక్కువ వీలుండేది." తర్వాత, "పట్టికలోనుంచి ఈ కేసు తీసెయ్యండి. మధ్యలో మందులు ఆపేశారు కాబట్టి లెక్కలోకి రాదు," అన్నారు. ఆయన చెప్పింది సబబే. ఇరవై ఏడో వరసను నేనే తీసేశాను. నేను ఏడాది మొత్తంలో సంతోషంగా నింపిన వరస అదే.

ఆయన బయటికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. మగ్దలీనమ్మ బెంచీ మీద ఉంది. రూఫస్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టున్నాడు. డాక్టరుగారు చెడ్డమనిషి కాదు, కానీ ఆ రోజు ఆయనకూ కోపం వచ్చింది.

"మొదటిసారి బంగారంలాగా పనిచేసిందమ్మా మందు," అన్నారు ఆమెతో. "మాట తిరిగి వచ్చేదే. చేతులారా పోగొట్టుకున్నారు. వార్డులో జరిగిన గొడవ నా చెవిన పడింది. అసలు మార్పు లేదని మీకెవరు చెప్పారు? మా స్టాఫులో ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే వాళ్ళు రేపటినుంచి ఇక్కడ ఉండరు."

రూఫస్ చప్పున తలెత్తి నా వైపు చూశాడు. ఆయన నోరు తెరవబోతుండగా మగ్దలీనమ్మ చెయ్యి చాపి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఎవురూ చెప్పలేదు సార్," అంది. "మేమే అట్ట అనుకున్న్యాం. సదువు లేనోళ్ళం."

డాక్టరుగారు నిట్టూర్చి, పైన ఇంకో రోగి ఉన్నాడని వెళ్ళిపోయారు. ఆయన మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నాను. నేనే చెప్పానని అనడానికి ఎంతో సమయం ఉంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతే. ఊరంతా ఎదురు తిరిగినా లెక్కచెయ్యనని చెప్పుకునే మనిషిని. చదువురాని మనిషి నా తప్పు తన మీద వేసుకుంటుంటే నిలబడి చూశాను.

రూఫస్ తమ్ముణ్ణి వార్డులోకి మార్చేటప్పుడు సాయం పట్టడానికి వెళ్ళాడు. మగ్దలీనమ్మ, నేను మిగిలాం. ఆమె పక్కన కూర్చున్నాను.

"ఎందుకలా చెప్పారమ్మా?" అన్నాను.

"నీ మీద కోపం లేదనుకోబాక," అంది, నా వైపు చూడకుండా. "ఉంది. నేను సచ్చిందాకా ఉంటది. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచినాడు మొన్న. ఆ పిలుపు పొయ్యింది." కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "అయినా నిన్ను పంపిచ్చేస్తే నాకేమొస్తది? ఆ డాక్టరు చెప్పేది నాకు సగం తెలవదు. నర్సులకి తీరదు. ఆ రోజు మా ఇంటికొచ్చి, సముద్రం మాట చెప్పినావే, ఆ ఒక్కటే నాకు తెలిసింది ఈ ఆసుపత్రోళ్ళు చెప్పినదాంట్లో. ఇంక ఆయనతో ఈడికి ఎన్నిసార్లు తిరగాలో ఏమో. నాకు తెలిసేట్టు చెప్పే మనిషి ఒకరుండాల గదా."

అప్పుడు నా వైపు తిరిగింది.

"చెప్పు. ఆయనకి మాటొస్తదా, రాదా?"

కష్టమమ్మా, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆసుపత్రిలో మేమంతా రోజుకు పదిసార్లు అనే మాట అది. మా లోపల దానికి లేదనే అర్థం. అదే మాట పట్టుకుని ఇంటికి పోయినవాళ్ళు, కష్టపడితే వస్తుందనుకుని ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు. మగ్దలీనమ్మ కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి. ఆ మాట మింగేశాను.

"రాదమ్మా," అన్నాను. "ఒకటీ అరా అక్షరం వస్తే వస్తుంది. మీ పేరు పిలవలేడు. వేలం పాడలేడు. మనం చెప్పేది కూడా ఆయనకు కొంతే తెలుస్తుంది."

ఆమె రెప్ప వెయ్యకుండా విన్నది. నా మొహమంతా ఒకసారి చూసుకుంది, ఇంకేమైనా దాచానేమో అన్నట్టు. మెల్లగా తలూపింది.

ఆ తర్వాత ఒళ్ళోని ప్లాస్టిక్ సంచిలోంచి మాత్రల పట్టీలు నాలుగు తీసి నా చేతిలో పెట్టి, ఏది పొద్దన వెయ్యాలో ఏది రాత్రి వెయ్యాలో చెప్పమంది.